ఉపన్యాసం నుంచి పాఠం దాకా

నాకు అక్షరాలు పెళ్ళీడు దాటాక వచ్చాయి. ఇన్నాళ్ళూ ఏమీ రాయకపోవడానికి మొదటి కారణం అదే. చిన్నప్పుడే బడికి పోయినవాళ్ళు కలం పట్టుకుంటే చెయ్యి తనంతట తాను నడుస్తుంది. నాకు ఇప్పటికీ ప్రతి అక్షరాన్నీ గీయాలి. పైగా నేను చదువు మొదలుపెట్టింది గోడల మీద. శ్రీకాళహస్తిలో మా పార్టీ ఆఫీసు చూసుకునే ముసలాయన ఒకరు ఉండేవారు. అందరం మాస్టారు అనేవాళ్ళం. సభలకు ముందు గోడల మీద ఎర్రమట్టితో రాసే పని ఆయనది. నేను బకెట్టు మోసుకుంటూ వెంట నడిచేదాన్ని. ‘ఊరికే మోస్తే ఏం లాభం, ఒక అక్షరం దిద్దు’ అని ఒకరోజు కుంచె నా చేతికిచ్చారు. ‘దున్నేవాడిదే భూమి’లో ఉన్న అక్షరాలు నాకు ముందు వచ్చాయి. మిగతావి మెల్లగా వచ్చి చేరాయి. అందుకే నా రాత ఈ రోజుకీ గోడకు సరిపోయేంత ఉంటుంది. ఇన్‌లాండు కవరులో క్షేమసమాచారం రాయడానికే చోటు చాలదు.

రెండో కారణం నా నోరు. మాట్లాడి ఒప్పించడానికి అలవాటుపడిన మనిషికి తెల్లకాగితం ముందు కూర్చోవడం శిక్ష. అది తల ఊపదు, చప్పట్లు కొట్టదు.

ఈమధ్య మా కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్లు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. ‘మునిలక్ష్మి పరీక్ష సంగతి ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతున్నారు మేడం, అసలేం జరిగింది’ అని అడిగారు. చెప్పడం మొదలుపెట్టాను. కాఫీ అయింది, పలహారం అయింది, మునిలక్ష్మి ఇంకా కథలోకి రాలేదు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. ‘రాసివ్వండి మేడం, రాస్తే పొట్టిగా ఉంటుంది’ అంది అందులో చిన్నది.

అందుకని రాస్తున్నాను. నా నోటి వల్ల ఒక అమ్మాయి బి.ఏ. చివరి పరీక్ష పోయేదే. పోకుండా ఎలా నిలిచిందో చెబితే, ఈ ఉద్యోగం గురించి నాకు తెలిసిందంతా చెప్పినట్టే.

సోషలిస్టు దొరసాని

మాది ఏర్పేడు దగ్గర పల్లె. నాయన వేరుశనగ పండించే రైతు. నాకు దొరసానమ్మ అని మా జేజమ్మ పేరు పెట్టారు. మా అన్న పార్టీలో తిరిగేవాడు. అతనికి సద్ది మోసుకుపోయి, సభలో వెనక నిలబడి వినీ వినీ, ఒకరోజు నేనూ ఎడ్లబండి ఎక్కి మాట్లాడాను. మైకు లేకుండా నా మాట చివరి వరుస దాకా పోతుందని అప్పుడు తెలిసింది. అంతే, ఆ తరువాత పదేళ్ళకు పైగా నన్ను కిందికి దిగనివ్వలేదు. ‘దొరసానీ, రొంత దొరలను తిట్టు’ అని జనం కేకలు వేసేవాళ్ళు. భూమి కోసం ఊరేగింపులు తీశాం. చిత్తూరు జైల్లో కొన్నాళ్ళు ఉన్నాం. అక్కడే తడుముకోకుండా చదవడం పట్టుబడింది.

మెట్రిక్ ప్రైవేటుగా కట్టినప్పుడు ముప్పైకి దగ్గర పడ్డాను. పరీక్ష హాలు వాకిట్లో కాపలా మాస్టారు నన్ను ఆపి, ‘పిల్లను లోపల వదిలేసి నువ్వు బయట కూర్చో తల్లీ’ అన్నాడు. పిల్ల నేనేనని చెప్పడానికి కొంచెం సేపు పట్టింది. ఆ తరువాత బి.ఏ., తిరుపతిలో ఎం.ఏ. ఈలోగా మా పార్టీ చీలింది, చీలింది మళ్ళీ చీలింది. చీలినప్పుడల్లా ఆఫీసులో కుర్చీలు పంచుకునేవాళ్ళు. చివరికి నాకు కూర్చోవడానికి కుర్చీ మిగల్లేదు. డిగ్రీ తరగతులు తెలుగులో మొదలైన రోజులవి. తెలుగులో రాజనీతిశాస్త్రం చెప్పేవాళ్ళు దొరకక, తిరుపతిలో ఒక మహిళా కళాశాల నాకు కుర్చీ ఇచ్చింది.

చప్పట్లు

మా మొదటి ప్రిన్సిపాల్ వేదవల్లి గారు. వైష్ణవుల ఇంటి ఆడపడుచు, లెక్కల మనిషి, గొంతు ఎత్తి మాట్లాడగా నేను వినలేదు. నేను చేరిన మొదటి నెలలో ఒకరోజు వచ్చి నా క్లాసులో చివరి బెంచీ మీద కూర్చున్నారు. ఆనాటి పాఠం రాజ్యాంగ సవరణ. నేను జమీందార్ల దగ్గర మొదలుపెట్టి, దున్నేవాళ్ళ మీదుగా, చెయ్యి పైకెత్తి ముగించాను. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. వేదవల్లి గారు కూడా కొట్టారు. తరువాత ముందు బెంచీ అమ్మాయిని లేపారు.

‘రాజ్యాంగాన్ని సవరించాలంటే ఏం చేయాలమ్మా?’

ఆ పిల్ల ‘పోరాడాలి మేడం’ అంది.

సాయంత్రం తన గదిలో ఆమె నాకు మజ్జిగ ఇచ్చి చెప్పారు. ‘ఆ జవాబు నాకూ నచ్చింది దొరసానమ్మ గారూ. కానీ యూనివర్సిటీ వాళ్ళు మార్కులు వేయరు. మీరు ఒక పని చేయండి. ప్రశ్న అడగండి, అడిగి ఊరుకోండి. వాళ్ళు తడుముకుంటూ ఉంటే మీరు నోరు తెరవకండి.’

‘ఎంతసేపు ఊరుకోవాలి?’

‘మీకు బాగా కష్టమయ్యేంత సేపు.’

ఆమె కింద పనిచేసిన ఏళ్ళు నాకు ఇంకో ఎం.ఏ. లాంటివి. ఒకసారి హాస్టలు సాంబారు నీళ్ళలా ఉందని అమ్మాయిలు గేటు ముందు సమ్మెకు కూర్చున్నారు. నేను వరండాలో ఉన్నాను. వాళ్ళ నినాదం ఎత్తుగడలోనే కుంటుతోంది. నాలుగుసార్లు విన్నాను, అయిదోసారి ఉండబట్టలేక గేటు దగ్గరకు పోయి, ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో చూపించి వచ్చాను. వేదవల్లి గారు మెట్ల మీద నిలబడి ఉన్నారు. ‘మీరు ఎవరి వైపు?’ అని అడిగారు. ‘సాంబారుకు ఎదురువైపు’ అన్నాను. ఆమె లోపలికి పోయి వంటమనిషిని పిలిపించారు. ఎమర్జెన్సీలో మా పాత స్నేహితులు జైళ్ళలో ఉన్నప్పుడు నేను ప్రాథమిక హక్కుల పాఠం ఎప్పుడూ లేనంత నెమ్మదిగా, ఒక్కో హక్కూ చదివించి, తిరిగి చెప్పించి, సాగదీశాను. ‘ఈ పాఠం ఈ ఏడు పొడుగైందే’ అన్నారామె. అంతకుమించి ఒక్క మాట అనలేదు. మంచి పైఅధికారి అంటే ఎవరని అడిగితే నాకు ఆ ముఖమే కనిపిస్తుంది.

క్లాసులో ఊరుకోవడం నేను నేర్చుకున్నాను. క్లాసు బయట ఊరుకోవడం మాత్రం మునిలక్ష్మి వల్లే నేర్చుకోవలసి వచ్చింది.

చాటింపు

మునిలక్ష్మి మూడో ఏడు బి.ఏ. హాస్టల్లో ఉండేది. ఎక్కువ మాట్లాడదు. ఆమె రాత సన్నగా, బారుగా, ముగ్గు పెట్టినట్టు ఉండేది. దిద్దేటప్పుడు నాకు కొంచెం అసూయగానే ఉండేది. ఆమెది మా ఊరికి అవతల, ఏర్పేడులో దిగి నడిచిపోవలసిన పల్లె. తండ్రి సుబ్రమణ్యం రైతు. కూతుర్ని కాలేజీలో చేర్పించేటప్పుడు బంధువుల ముందు ఒక మాట అన్నాడు: ‘సదివినంత దూరం సదవనీ. ఒగసారి తప్పితే మాత్రం ఇంగ ఇల్లే.’ ఆయన మాట తప్పే మనిషి కాదు. ఒక్క పేపరుకు పోకపోయినా పరీక్ష తప్పినట్టే.

ఆ ఏడు పరీక్షలు వాయిదా పడి, చివరి రెండు పేపర్లు సరిగ్గా వాళ్ళ ఊరి గంగజాతర వారంలోకి వచ్చి పడ్డాయి. మా వైపు పల్లెల్లో జాతరకు ముందు ఒక సాయంత్రం పలక అనే డప్పు కొట్టుకుంటూ వీధి వీధి చాటింపు వేస్తారు. ఆ పలక మోగాక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదని కట్టుబాటు. పై ఊళ్ళలో ఉన్న ఆడపిల్లలను చాటింపుకు ముందే ఇంటికి తెచ్చుకుంటారు. సుబ్రమణ్యం మంగళవారం పొద్దున వచ్చి కూతుర్ని తీసుకుపోయాడు. మరునాడు ఉదయం ఆమెకు అర్థశాస్త్రం పేపరు.

మధ్యాహ్నం వార్డెన్ చెబితే నాకు తెలిసింది. ఎవరినీ ఏమీ అడగలేదు. బస్సెక్కాను. దారిపొడవునా మనసులో మాటలు పేర్చుకున్నాను. ఏర్పేడులో దిగేసరికి ఉపన్యాసం తయారు.

ఊళ్ళోకి పోగానే నేను చేయవలసింది మునిలక్ష్మి ఇల్లు ఎక్కడని అడగడం. కానీ గుడి ముందు తోరణాలు కడుతూ మగవాళ్ళు గుంపుగా కనిపించారు. జనం కనిపిస్తే నా కాళ్ళు వాటంతట అవే ఆగుతాయి. అరుగు మీద ఊరి పెద్ద చెంగల్రాయనాయుడు కూర్చుని ఉన్నాడు.

‘ఎవురమ్మా నువ్వు, యాడినుంచి వస్తివి?’

‘తిరపతి కాలేజీ టీచర్ని నాయుడా. సుబ్రమణ్యం కూతురికి రేపు పరీక్ష ఉండాది. ఈ ఊరు ఆ బిడ్డను ఆపేదానికి లేదు.’

అని మొదలుపెట్టాను. ఆడపిల్లల చదువు గురించి చెప్పాను. మనుషులు చంద్రుడి మీద దిగి వచ్చిన కాలంలో పొలిమేర అంటే ఏమిటన్నాను. ఒక పిల్ల భవిష్యత్తుకు పలక మోత అడ్డమా అన్నాను. తోరణాలు కట్టేవాళ్ళు కింద పడేసి వచ్చారు. వీధి చివర నుంచి కూడా జనం చేరారు.

‘మైకు లేకుండానే ఎంత దూరం ఇనిపిస్తాండాదప్పా’ అన్నాడొకడు.

‘ఆడోళ్ళను పిలవండి, ఇనిపోతారు’ అన్నాడు ఇంకొకడు.

ముగించేసరికి చెంగల్రాయనాయుడు మెచ్చుకోలుగా తల ఊపాడు. ‘శానా బాగా మాట్లాడ్తావమ్మా. మా పంచాయితీ ఎలచ్చన్లకు ఒగసారి వచ్చిపో.’ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గెలిచాననే అనుకున్నాను.

‘అయితే పిల్లను పంపించండి మరి.’

ఆయన భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు. ‘ఇంట్లో అడిగింటే అది ఇంటి మాట అయ్యుండు. నువ్వు ఊరి ముందర అడిగితివి. అట్ల అడిగినాక నేను ఊరి మాటే సెప్పాల గదమ్మా. ఒగరికి ఒగ మాట, ఇంగొగరికి ఇంగో మాట సెప్పేదానికి నాకు లేదు. చాటింపు ఏసినాక పిల్ల కదలకూడదు.’

గుంపు వెనక సుబ్రమణ్యం నిలబడి ఉన్నాడు. వచ్చి నన్ను వాళ్ళ ఇంటికి నడిపించుకుపోయాడు. వీధి మలుపు తిరిగాక అన్నాడు.

‘ఎంత పని జేస్తివి మేడమ్మా. తెల్లార్తో పాపను సైకిలు మీద కూసోబెట్టుకోని ఏర్పేడు బస్టాండులో దింపుదామని నేను అనుకోనుంటి. మాపటికి పొయ్యి తోడుకొచ్చుకుంటే ఎవురడిగేది? నాయుడు సూసినా సూడనట్టే ఉండును. ఇప్పుడు ఊరు ఊరంతా నా వాకిలే సూస్తాంటాది.’

‘నాకు ఆ మాట సెప్పకూడదా సుబ్రమణ్యం?’

‘యాడ సెప్పనిస్తివి?’

ఇంటి తిన్నె మీద కూర్చున్నాను. మునిలక్ష్మి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. రెండో చేతిలో అర్థశాస్త్రం పుస్తకం, చదువుతున్న పేజీలో వేలు. ఆ వేలు పేజీలోంచి తీయలేదు. అది చూశాక చెంబు పక్కన పెట్టేశాను.

నన్నెవురు అడిగినారు

తిరిగి పోవడానికి బస్సు లేదు. ఏర్పేడులో ఆఖరి బస్సు నేను మాట్లాడుతుండగానే పోయింది. పొద్దు వాలుతుంటే పలక మోగింది. మోత వీధి చివర మొదలై మా ముందు నుంచి పోయింది. తిన్నె మీద నా పక్కన మునిలక్ష్మి అవ్వ కుప్పమ్మ వేపమండలు కట్టలు కడుతూ ఉంది. పలక దూరమయ్యాక నా వైపు తిరిగి పళ్ళు లేని నోటితో నవ్వింది.

‘ఇంగ నువ్వు గూడా మా ఊరిదానివే మేయ్ టీచరమ్మా. చాటింపప్పుడు పొలిమేర లోపలుండినోళ్ళు ఎవురైనా సరే, జాతర అయ్యేదాకా నిద్ర ఈడనే.’

‘నాకు రేపు పొద్దున పరీక్ష డ్యూటీ ఉండాదవ్వా.’

‘పో. పొయ్యేసి రా. దీపం పెట్టేయాళకు లోపలుంటే సాలు. మేము ఆ వారంలోనే ఏర్పేడు సంతకు ఆకుకూరలు మోస్తిమి. అమ్మోరు మమ్మల్ని ఏమన్నా అనిందా?’

‘నాయుడు అసలు కదలకూడదనె గదా?’

‘మొగోళ్ళు జాతరంటే అరుగు మీద కూసునేది. వాళ్ళకు పగలైతేనేమి, రాత్రయితేనేమి. సంత మాకు గదా ఉండేది.’

‘అవ్వా, ఈ మాట గుడి ముందర సెప్పింటే అయిపోయుండు గదా.’

‘నన్నెవురు అడిగినారు? నువ్వు మాట్లాడ్తానే ఉంటివి. నేనూ ఆడనే నిలబడి ఇనుకుంటా ఉంటి. బాగనే ఉండె.’

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ‘అయితే ఇప్పుడు ఏం చేద్దామవ్వా?’ అని అడిగాను. అడిగి, వేదవల్లి గారు చెప్పినట్టు నోరు మూసుకున్నాను. అవ్వ ఒక కట్ట కట్టింది, ఇంకొకటి కట్టింది. నా నోటి దాకా ఎన్నో ఉపాయాలు వచ్చాయి. అన్నీ మింగాను. చివరికి అవ్వ అంది: ‘చెంగల్రాయుడు ఈ వేపాకు కోసరం వస్తాడు. వస్తే నేను అడుగుతా. నువ్వు మాత్రం ఉపన్యాసం పెట్టద్దు తల్లీ.’

ఇంట్లో దీపం పెట్టిన కాసేపటికి ఆయన వచ్చాడు. అవ్వకు వరసకు తమ్ముడవుతాడు.

‘ఏరా చెంగల్రాయా, ఈయమ్మ ఈడ చిక్కుకునింది. ఏం జేద్దాము?’

‘ఉండనీ అక్కా. జాతర అయ్యేదాకా సంగటి పెట్టు.’

‘రేపు ఆయమ్మ పొయ్యి కాగితాలు ఇయ్యకపోతే అంతమంది బిడ్డల పరీక్ష నిలిచిపోతాదంట. వాళ్ళ ఉసురు మన ఊరికి తగలదా, అదీ జాతర పూట?’

అంత నిజం కాదు. నేను పోకపోతే ఇంకొకరు ఇస్తారు. కానీ నేను నోరు తెరవలేదు.

ఆయన గడ్డం గోక్కున్నాడు. ‘పగలు పొయ్యేదానికి నా అడ్డమేమీ లేదు. దీపాలయాళకు తిరిగి రాకపోతే చాటింపు చెడిపోతాది. ఈయమ్మ వస్తాదని నమ్మకమేంది? తిరపతి మనిషి తిరపతి చేరినాక మనం గ్యాపకం ఉంటామా?’

నా దగ్గర దీనికి నాలుగైదు జవాబులు ఉన్నాయి. ఒకదాంట్లో చంద్రుడు కూడా ఉన్నాడు. వాటిని అన్నిటినీ పక్కనపెట్టి ఒక్క మాట అన్నాను.

‘నమ్మకం లేకపోతే ఎవురినన్నా తోడు పంపండి నాయుడా.’

ఆయన నన్ను చూశాడు. నా వెనక గడపలో పుస్తకంతో నిలబడిన మునిలక్ష్మిని చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. మీసం కింద ఏదో కదిలింది.

‘తోడంటే ఆడమనిషే పోవాల’ అన్నాడు నిదానంగా.

‘ఆ కాలేజీ దోవ ఎరిగిన మనిషి పోవాల’ అంది అవ్వ, తల ఎత్తకుండా.

సుబ్రమణ్యం ఇంటి దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నాడు. చెంగల్రాయనాయుడు వేపాకు మోపు భుజానికెత్తుకున్నాడు. ‘సుబ్రమణ్యం, నీ కూతుర్ని పంపు. టీచరమ్మను మాపటికి పొలిమేర లోపలికి తోడుకోని వచ్చే పూచీ ఊరి తరపున దానిది.’ మెట్టు దిగి, గడప వైపు తిరిగాడు. ‘పాపా, ఆయమ్మ యాడికి పోతే ఆడికి పో. హాల్లోకి పోతే నువ్వూ హాల్లోకి పో. వచ్చేదాకా ఊరికే కూసోకుండా యేమన్నా రాసుకుంటా ఉండు.’

వీధిలోకి పోయాక మళ్ళీ వెనక్కి వచ్చాడు. ‘ఈ సంగతి మాత్రం గుడి ముందర మాట్లాడద్దమ్మా.’

కొత్తవాళ్ళకు

జాతర ముగిసేదాకా నేను పగలు తిరుపతిలో ఉద్యోగం చేసి, పొద్దు వాలకముందే ఆ ఊరు చేరి, కుప్పమ్మ అవ్వ పక్కన పడుకున్నాను. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ మునిలక్ష్మి నాకు కాపలా. రెండో పేపరు కూడా అలాగే అయింది. ఫలితాలు వచ్చినప్పుడు ఆమె నంబరు వార్తాపత్రికలో ఉంది. తరువాత బి.ఇడి. చేసి, ఇప్పుడు శ్రీకాళహస్తి దగ్గర హైస్కూల్లో చెబుతోంది. నాకంటే తక్కువ మాట్లాడుతుంది, నాకంటే బాగా చెబుతుంది.

విషయం తెలిసి పాత పార్టీ మిత్రులు నన్ను ఏడిపించారు. ‘గంగమ్మకు లొంగిపోయినావా దొరసానీ?’ అన్నాడు ఒకాయన. ఆ కట్టుబాటు మంచిదని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. ఆడమనిషి ఏ పూట ఎక్కడికి పోవాలో ఆమే చెప్పాలి. కానీ కట్టుబాటుతో వాదం పెట్టుకోవడానికి ఏడాదంతా ఉంటుంది. ఆ మంగళవారం నాడు నా చేతిలో ఉన్నది ఒక్క సాయంత్రం. ఆ తరువాతి ఏళ్ళలో ఆ ఊరికి చాలాసార్లు పోయాను, ఆ వాదం పెట్టుకున్నాను. అరుగు దగ్గర ఆగకుండా నేరుగా వంటిళ్ళలోకి పోయాను. మునిలక్ష్మి చెల్లెలు చదివే నాటికి జాతరకు హాస్టలు నుంచి పిలుచుకుపోవడానికి ఎవరూ రాలేదు.

మీరు ఉద్యోగంలోకి వస్తున్నారు కాబట్టి దాపరికం లేకుండా చెబుతాను. మన వృత్తిలో చాలామంది విద్యార్థుల ఇళ్ళు ఒక్కసారి కూడా చూడకుండానే రిటైరవుతారు. అది తప్పు. పొండి. బస్సులో నిలబడి పొండి, మట్టిదారిన నడిచి పొండి. పార్టీ నాకు నేర్పిన వాటిలో నేను ఇప్పటికీ మెచ్చుకునేది ఈ నడకనే. కానీ పోయాక ముందు కూర్చోండి. తండ్రి మనసులో ఏముందో కనుక్కోండి. ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉన్న మనిషిని నలుగురిలో నిలబెట్టి అడిగితే, ఆయన చేత ‘కాదు’ అనిపించేది మీరే. ఇంటి లోపల ఆడవాళ్ళకు ఏం తెలుసో అడగండి. అడిగాక జవాబు వచ్చేదాకా ఆగండి. ఇది చెప్పినంత సులువు కాదు. కష్టంగా ఉందంటే సరిగా చేస్తున్నట్టు.

న్యాయం మన వైపు ఉన్నప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. తప్పు మన వైపు ఉంటే మనమే మెల్లగా మాట్లాడతాం.

మరునాడు ఉదయం

తెల్లవారకముందే అవ్వ లేపింది. సంగటి ముద్ద మజ్జిగలో పిసికి ఇద్దరికీ పోసింది. మునిలక్ష్మి తల దువ్వుకుని, పుస్తకం కొంగులో పెట్టుకుని బయలుదేరింది. వీధి వీధంతా వాకిళ్ళలో ఆడవాళ్ళు ముగ్గులు వేయడం ఆపి చూశారు. ‘టీచరమ్మను గెట్టిగా పట్టుకో పాపా, పారిపోతాది’ అని ఒకామె అంటే మిగతావాళ్ళు పకపకా నవ్వారు. గుడి అరుగు మీద చెంగల్రాయనాయుడు పళ్ళు తోముకుంటున్నాడు. మేము ముందు నుంచి పోతుంటే తల అటు తిప్పుకున్నాడు.

బస్సులో మునిలక్ష్మి కిటికీ పక్కన కూర్చుని చదువుకుంది. ఏ ప్రశ్నలు రావచ్చో, జవాబు ఎలా మొదలుపెట్టాలో నాకు చెప్పాలని ఉంది. చెప్పలేదు. అలిపిరి వైపు కొండ మీద ఎండ పడుతుంటే తిరుపతిలో దిగాం. అర్థశాస్త్రం నా సబ్జెక్టు కాదు గనుక ఆమె గదికే నన్ను వేశారు. గంట కొట్టాక ప్రశ్నపత్రాలు పంచుకుంటూ పోయి ఆమె బల్ల మీద ఒకటి పెట్టాను. ఆమె మొదటి నుంచి చివరి దాకా చదివి, కలం మూత తీసి, ఆ సన్నటి అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. నేను గది వెనక్కి పోయి గోడకు ఆనుకుని, చివరి గంట మోగేదాకా నోరు తెరవకుండా నిలబడ్డాను.